నాన్న తాగుడు మానేద్దాం అనుకుంటున్నారు, హైదరాబాద్‌లో ఏఏ మీటింగ్ ఎలా వెతకాలి?

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అండి, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకుని ఒకరికొకరు సాయం చేసుకునే గ్రూపులు, 1935లో అమెరికాలో మొదలైంది. వాళ్ళ ఇండియా వెబ్‌సైట్‌లో హెల్ప్‌లైన్ నంబర్ ఉంటుంది, దానికి కాల్ చేసి మీ ఏరియా చెప్పి, దగ్గర్లో తెలుగులో మాట్లాడే గ్రూప్ ఎక్కడుంది, ఏ రోజు ఏ టైమ్‌కి అని అడగండి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కనిపించే లిస్టులు ఒక్కోసారి పాతవి ఉంటాయి, ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకునే వెళ్ళండి. 14446 కూడా ఉంది, గవర్నమెంట్ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఫ్రీ.

ఏఏ మీటింగ్‌కి ఫీజు లేదు, మానాలనే కోరిక ఉంటే చాలు. పూర్తి పేరు చెప్పక్కర్లేదు, మొదటి రోజు ఏం మాట్లాడకుండా వెనక కూర్చుని విన్నా పర్లేదు. మీరూ పక్కన ఉండాలంటే అది ఓపెన్ మీటింగేనా అని ముందే అడగండి, క్లోజ్డ్‌కి మానాలనుకునేవాళ్ళే వెళ్ళాలి. ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, అమ్మని తప్పకుండా తీసుకెళ్ళండి, ఇన్నేళ్ళు ఆవిడ పడింది కూడా ఎవరో ఒకరు వినాలి కదా.

ఒక్కటి మాత్రం చాలా ముఖ్యం. రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణాల మీదకి కూడా రావచ్చు, అందుకే ఆపే ముందే డాక్టర్‌కి చూపించండి, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చూస్తారు.