అంత్యక్రియలా, కడపటి చర్యలా?

సందేహం: భౌతికశాస్త్రం చెబుతుంటాను. బి, డి మెసాన్ల వంటి బరువైన కణాలు ప్రకృతి మూలబలాల్లో ఒకటైన బలహీన బలం వల్ల విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పయాన్లు, కేయాన్లనే తేలికైన కణాలు వెంటనే దేని దారిన అది పోవు. దగ్గరగా ఉన్న ఆ లిప్తలోనే మరో మూలబలమైన ప్రబల బలంతో ఒకదాన్నొకటి తాకుతాయి. ఒక జంటగా పుట్టినవి వేరే జంటగా బయటపడనూ వచ్చు. దీన్ని ‘మెసాన్ల క్షయంలో అంత్యస్థితి అన్యోన్యక్రియలు’ అని రాయిస్తే, ఒక పిల్లవాడు ‘క్షయ వచ్చె, అంత్యక్రియలూ ఆయె, ఇంకేముంది సార్?’ అన్నాడు. ‘అంతిమ’ అనమని సహోద్యోగి సలహా. ఏది మేలు?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

సమాధానం: పిల్లవాడు గడుసువాడే. ‘అంత్యస్థితి’లో వ్యాకరణ దోషమేమీ లేదు. ‘అంతిమ’ అంటారా, అది పెనం మీంచి పొయ్యిలో పడటం. అంతిమయాత్ర ఎక్కడికో అందరికీ తెలుసు. అయినా ఇప్పుడు పత్రికల్లో ‘అంతిమంగా’ లేనిదే వార్త ముగియదు. టీవీవాళ్లది ‘చివరాఖరికి’! చివరా ఆఖరూ రెండూ దేనికో. ఇంట్లో ఉన్న ‘కడ’ మాత్రం ఎవరికీ గుర్తురాదు.

కడ అంటే కొస: కడగన్ను, కడగొట్టు బిడ్డ. కడ అంటే చోటు కూడా. ఆ కడ, ఈ కడ కలిసే అక్కడ, ఇక్కడ అయ్యాయి. మన సీమలో ‘బాయికాడ’, ‘నాకాడ’ అన్నప్పుడు అదే ‘దగ్గర’. మీ కణాలు సరిగ్గా ఇలాంటివే కదా: కడపటివి, అయినా ఇంకా ఒకదానికాడ ఒకటి ఉన్నవి. ‘అంత్య’లో ఈ చేరువ ఏదీ? (కడప పేరును ఇందులోకి లాగను. అది తిరుమలకు గడప అన్న ప్రసిద్ధి వేరు.)

ఇక మా తాళ్లపాక అన్నమయ్యను తలవకుండా కడను వదలలేను.

పుట్టుటయు నిజము పోవుటయు నిజము
నట్టనడిమి పని నాటకము
యెట్టనెదుట గలదీ ప్రపంచము
కట్టకడపటిది కైవల్యము

ప్రాస చూడండి. ‘పుట్టు’లో ‘ట్ట’ ధాతువులోనే ఉంది. మిగిలిన మూడూ ఆమ్రేడితం (ఒకే మాటను రెండుసార్లు అనడం) ఇచ్చినవి: నడుమ, ఎదురు, కడ. ‘కడ కడ’ అంటే ‘కట్టకడ’ అయినట్టు. చిన్నయసూరి ఈ జాతి మాటలన్నిటికీ కడ పేరే పెట్టి ‘కడాదులు’ అన్నాడు. ఆ బాలవ్యాకరణం వెలువడిన 1858కి మూడున్నర శతాబ్దాల ముందే అన్నమయ్య మూడు కడాదులను వరుసగా మూడు పాదాల మొదట నిలబెట్టి, సూత్రం చేసే పనిని ప్రాస చేత చేయించాడు. నాకీ చరణం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

మీ శాస్త్రానికీ ఇది పనికొస్తుంది. డిటెక్టరుకు చిక్కేది ఎట్టయెదుటిది. మీరడిగిన తాకిడి జరిగేది నట్టనడుమ, అదే నాటకం. 2019లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం డి మెసాన్ల విచ్ఛిన్నంలో ద్రవ్యానికీ ప్రతిద్రవ్యానికీ తేడా పట్టుకుంది. ఇటువంటి తేడా బయటపడాలంటే బలహీన బలం తెచ్చే దశాభేదం (కణాల తరంగాలు ఒకదానికొకటి ముందువెనకలు కావడం) ఒక్కటే చాలదట. ప్రబల బలం తెచ్చేదీ తోడు కావాలి. ఆ రెండోది ఈ నాటకంలో పుట్టేదే. ఆ లెక్కన ‘నడిమి చర్యలు’ అనడమే న్యాయం. కానీ శాస్త్రజ్ఞులు తుదికే పేరు పెట్టారు, మనం మార్చలేం.

‘క్షయం’ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది, ఉండనివ్వండి. జబ్బు క్షయ, ఇది క్షయం. ఆ సున్న తేడా చాలు. అమరకోశంలో క్షయానికి ఇల్లనే అర్థమూ ఉంది.

కాబట్టి ‘కడపటి స్థితి అన్యోన్యచర్యలు’ అనమంటాను. ‘క్రియ’ వదిలేస్తే సగం పీడ పోతుంది. ‘కడస్థితి’ అని మాత్రం అతికించకండి, తెలుగు మాటకు సంస్కృతాన్ని తోకగా తగిలిస్తే పెద్దలు ఒప్పరు. ‘కడసారి చూపు’ అన్నది కూడా ఉందిగా అంటే, కాదనలేను. ప్రశ్నపత్రంలో పుస్తకంలో ఉన్న మాటే వేయండి. నోటితో చెప్పేటప్పుడు ‘కడపటి’ వాడి చూడండి.