బడి చూడటానికి వెళ్తే పిల్లల నోటుపుస్తకాలు అడుగు

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడుగారికి జర్మనీలో స్టుట్‌గార్ట్ నుంచి మూడేళ్లకు బెంగళూరు పోస్టింగ్ ఖాయమైందని, జూలైలో వచ్చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన బడుల జాబితా చూశాను. అన్నీ పేరున్నవే. అయితే ఏది మంచిదో చెప్పే ముందు మీరిద్దరూ కూర్చుని ఒక సంగతి తేల్చుకోవాలి. మూడేళ్ల తర్వాత పిల్లలు ఏ ఊళ్లో, ఏ భాషలో పరీక్షలు రాస్తారు? స్టుట్‌గార్ట్‌కే తిరిగి వెళ్లేటట్టయితే ఒక రకం బడి, ఇక్కడే ఉండిపోయేటట్టయితే ఇంకో రకం. ఇది తేల్చుకోకుండా బిల్డింగూ స్విమ్మింగ్ పూలూ చూసి ఫీజు కట్టేసిన వాళ్లను నా టీచరు సర్వీసులో చాలామందిని చూశాను. రెండో ఏడాదికే టెన్షన్ మొదలవుతుంది.

మీరు తిరిగి వెళ్లేవాళ్లే అనుకుని రాస్తున్నాను.

నీ జాబితాలో కొన్ని బడులు ‘బైలింగ్వల్’ అని రాసుకున్నాయి. వారానికి నాలుగు పీరియడ్లు జర్మనో ఫ్రెంచో చెప్పే బడీ ఆ మాటే వాడుతుంది, లెక్కలూ సైన్సూ సగం ఆ భాషలోనే చెప్పే బడీ ఆ మాటే వాడుతుంది. నా దృష్టిలో రెండోదే రెండు భాషల బడి. 1965లో కెనడాలో, మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు చెప్పించారు. పిల్లలకు ఫ్రెంచి వచ్చింది, ఇంగ్లీషూ పోలేదు. పాఠాలన్నీ ఆ భాషలో జరగబట్టి వచ్చింది గానీ, రోజుకో గంట నేర్పితే వచ్చేది కాదు.

అందుకని బడి చూడటానికి వెళ్లినప్పుడు మూడు, నాలుగు క్లాసుల పిల్లల నోటుపుస్తకాలు చూపించమను. గోడల మీద అంటించినవి కాదు, పిల్లలు రోజూ రాసుకునేవి. ఈమధ్య మన బంధువుల కుటుంబంతో ఒక బడికి వెళ్లాను. అడ్మిషన్ల ఆవిడ రెండు భాషలూ చెరి సగం అని చెప్పింది. మూడో ఏడాది జర్మన్ చదువుతున్న పిల్ల పుస్తకం తీసి చూస్తే రంగుల పేర్లు, వారాల పేర్లు, ముక్కూ చెవీ బాణం గుర్తులతో చూపించిన ఒక బొమ్మ. పుస్తకం చివరిదాకా తిప్పినా ఆ పిల్ల సొంతంగా రాసిన పూర్తి వాక్యం ఒక్కటి కనిపించలేదు. సైన్సు పుస్తకం మొదటి పేజీ నుంచి ఇంగ్లీషే. అక్కడ చెరి సగం ఎక్కడుందో నువ్వే చెప్పు.

ఆ భాషలో చెప్పే టీచర్లు ఎంతమంది, ఎన్నేళ్లుగా ఉన్నారు అని కూడా అడుగు. ఒక్క టీచరే ఉంటే, ఆవిడ కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయిన రోజు ఆ భాష కూడా బడి నుంచి వెళ్లిపోయినట్టే. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్ అనే అంతర్జాతీయ సిలబస్) బడులన్నిటికీ రాతపూర్వకంగా ఒక లాంగ్వేజ్ పాలసీ ఉండాలి. దాన్ని మెయిల్లో పంపమను. ఇంటి భాష వేరే ఉన్న పిల్లలకు ఏం చేస్తామన్నది అందులో రాసి ఉండాలి. పంపడానికి నీళ్లు నమిలితే ఆ బడి సంగతి అక్కడే అర్థమైపోతుంది.

పెద్దవాడి గురించే నాకు ఎక్కువ ఆలోచన. పదకొండేళ్లవాడు, ఇంతవరకు చదువంతా జర్మన్‌లో. ఇక్కడికి వచ్చిన ఏడాదిలోపే ఇంగ్లీషులో గలగలా మాట్లాడేస్తాడు, మీరు మురిసిపోతారు. ఆ మాటలు చూసి ఇంగ్లీషు వచ్చేసిందనుకోకండి. జిమ్ కమిన్స్ అని కెనడా ప్రొఫెసర్ చాలాకాలం క్రితమే చెప్పాడు: కొత్త భాషలో తోటి పిల్లలతో మాట్లాడటానికి రెండేళ్లు పడితే, ఆ భాషలో పాఠం చదివి సొంతంగా రాసే స్థాయికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. నా క్లాసులో ఒక కొరియా అబ్బాయి ఉండేవాడు. ఫుట్‌బాల్ గ్రౌండులో వాడి నోరు మూతపడేది కాదు, టీములు కూడా వాడే పంచేవాడు. హిస్టరీ పీరియడ్‌లో ‘ఎందువల్ల జరిగింది’ అన్న ప్రశ్న ఇస్తే మాత్రం మూడు వాక్యాలు రాసి పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేవాడు. తెలివి తక్కువై కాదు, ‘దానివల్ల’, ‘అయినప్పటికీ’ లాంటి మాటలు వాడికి ఇంగ్లీషులో ఇంకా చేతికి రాలేదు, అంతే. కొందరు టీచర్లు అలాంటి పిల్లలను వెనకబడ్డవాళ్లలో కలిపేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

అందుకే ఇంగ్లీషు సపోర్టు, అదే ఈఏఎల్, ఎలా నడుపుతారో గట్టిగా అడుగు. పిల్లాణ్ని మామూలు క్లాసు నుంచి బయటికి తీసుకెళ్లి గ్రామర్ చెప్తారా, లేక సపోర్టు టీచర్ సైన్సు క్లాసులోనే పక్కన కూర్చుని సాయం చేస్తుందా? రెండోదైతే మంచిది, పాఠం పోదు. దీనికి ఫీజు వేరేగా తీసుకుంటారేమో కూడా కనుక్కో.

వాడికి జర్మన్ పోకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం. తిరిగి వెళ్లేసరికి పద్నాలుగేళ్లు. గిమ్నాజియంలో, అంటే అక్కడి యూనివర్సిటీకి దారితీసే హైస్కూల్లో, తోటి పిల్లలు అప్పటికి జర్మన్‌లో పేజీలకు పేజీలు వ్యాసాలు రాస్తుంటారు. పైగా రెండో విదేశీ భాష, ఫ్రెంచో లాటినో, ఆరో క్లాసులోనే మొదలుపెట్టి ఉంటారు. కాబట్టి ఇక్కడి బడిలో వాడికి ఫ్రెంచి ఇప్పించు. తెలిసిన భాషేగా, మార్కులు వస్తాయని జర్మన్ తీసుకోమంటారు. అది మొదలుపెట్టేవాళ్ల క్లాసైతే వాడికి దండగ. వాడి జర్మన్ నిలబెట్టడానికి వాడి స్థాయి చదువే కావాలి, వారానికి కనీసం రెండు పూటలు, రాయించాలి కూడా. ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో జర్మన్ నేర్పే మాక్స్‌ముల్లర్ భవన్ ఉంది, లైబ్రరీ ఉంది, వెళ్లి కనుక్కో.

చిన్నదానికి ఆరేళ్లు. అది చదవడం, రాయడం మొదలుపెట్టేదే ఇక్కడ. బడిలో ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. తప్పదు, దాని గురించి బెంగపడకు. జర్మన్ చదవడం ఇంట్లో నేర్పాలి. జర్మనీలోని వెట్స్‌లార్‌లో దాయిచె ఫెర్న్‌షూలె అని ఒక సంస్థ ఉంది, విదేశాల్లో ఉన్న ప్రైమరీ పిల్లలకు దూరవిద్య పాఠాలు పంపుతుంది. బయలుదేరే ముందే వాళ్లతో మాట్లాడు.

ఇక తెలుగు. దయచేసి ఇంట్లో తెలుగు ఆపకు. బడిలో ఎవరైనా ‘ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, త్వరగా వస్తుంది’ అంటే వినకు. నువ్వు తడుముకుంటూ మాట్లాడే ఇంగ్లీషు కంటే, వంటింట్లో ధారాళంగా చెప్పే తెలుగు కబుర్లే పిల్లల బుర్రకు మంచి మేత. కర్ణాటకలో 2015లో కన్నడ నేర్పడం మీద చట్టం వచ్చింది. నీ జాబితాలోని బడుల్లో దాన్ని ఎలా అమలు చేస్తున్నారో అడుగు. కన్నడ పీరియడ్ ఉంటే సంతోషించు. అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్లు, పిల్లలకు తెలుగు అక్షరాలు కూడా దాంతోపాటే నేర్పించేయవచ్చు.

దూరం సంగతి తేలిగ్గా తీసుకోకు. అల్లుడుగారి ఆఫీసు ఆడుగోడిలో. నువ్వు గుర్తుపెట్టిన బడుల్లో కొన్ని యలహంక దాటి, కొన్ని సర్జాపూర్ రోడ్డు మీద ఉన్నాయి. ముందు బడి, తర్వాత ఇల్లు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఒక సోమవారం పొద్దున బడి టైముకు అక్కడి నుంచి కారులో వెళ్లి చూడండి. ఆరేళ్ల పిల్ల రోజుకు మూడు గంటలు బస్సులో కూర్చుంటే ఏ భాషా రాదు, ఇంటికొచ్చి పడుకుంటుంది.

ఫీజు కంపెనీ కడుతుందన్నావు. అడ్మిషన్ ఫీజు, బస్సు, సపోర్టు ఫీజు అందులో ఉన్నాయా, ఆ మొత్తం మీద పడే ట్యాక్స్ ఎవరు కడతారు అన్నవి కాంట్రాక్టులో రాయించుకోమను అల్లుడుగారిని.

ఒకవేళ మూడేళ్లు ఐదారేళ్లయి పెద్దవాడు ఇక్కడే పన్నెండు పూర్తిచేసేటట్టయితే ఐబీ డిప్లొమాకు మన దేశంలో ప్లస్ టూ గుర్తింపు ఉంది. ఇంజినీరింగ్ అనుకుంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ తీసుకోవాలి. పిల్లల ఓసీఐ కార్డుల (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేవి) మీద తేదీలు కూడా చూడు. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ సీట్ల విషయంలో ఓసీఐ పిల్లలు ఎన్నారైలతో సమానం. దానికి ముందే కార్డు వచ్చినవాళ్లకు మన పౌరులతో సమానంగా సీట్లకు పోటీపడే పాత హక్కు పోదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. పెద్దవాడిది ముందే వచ్చి ఉండాలి, చిన్నదానిది ఎప్పుడొచ్చిందో నాకు గుర్తులేదు.

ఐబీ బడులు చాలావరకు ఆగస్టులో మొదలవుతాయి కాబట్టి మీరు జూలైలో వచ్చినా సరిపోతుంది. సీట్లు మాత్రం అంతదాకా ఆగవు. పెద్దవాడి రెండేళ్ల రిపోర్టులు అక్కడే ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, స్టాంపు వేయించి, స్కాన్ చేసి పంపు. పెద్దవాడు తన చేత్తో జర్మన్‌లో రాసిన వ్యాసం ఒకటి, ఇంగ్లీషులో రాసింది ఒకటి కూడా జతచెయ్యి, దిద్దకుండా. అవి పట్టుకుని ముందు నీ జాబితాలోని ఒకటి రెండు బడులకు నేను వెళ్లి మాట్లాడి వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ