పండూ, బెంగళూరు బండి ఎక్కేముందు ఇది పూర్తిగా చదువు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడు బెంగళూరు క్లబ్బుకి సంతకం పెట్టేశాడంట, శుక్రవారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ కూడా తీసుకున్నాడు" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో గొంతు బట్టి తెలియలేదు. నా పరిస్థితీ అంతే. మీ అత్తయ్య భోజనానికి పిలుస్తున్నా వినిపించుకోకుండా కాలువ నీళ్ళని తలుపులతో ఆపి వదిలే లొల్ల లాకుల దాకా నడిచి, నేను ముప్పై ఏళ్ళు డ్యూటీ చేసిన ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగున ఇసకలో బంతి తన్నుకుంటూ పెరిగిన మన పిల్లాడు నెల జీతానికి ఫుట్‌బాల్ ఆడబోతున్నాడు. కాకినాడ, రాజమండ్రి, వైజాగ్, ఇప్పుడు బెంగళూరు. మూడేళ్ళలో నాలుగో క్లబ్బు. నేను ఎనిమిదేళ్ళలో రెండు మార్చి అదే గొప్ప అనుకునేవాణ్ణి.

సంతోషం సంగతి అలా ఉంచు. పోయిన వారం నువ్వు పంపిన వీడియో పదిసార్లు చూశాను. గోలు బాగుంది, అందరూ గోలే చూస్తారు. నేను మాత్రం ఆ తర్వాత నువ్వు హెడ్డింగుకి ఎగిరి దిగినప్పుడు చూశాను. దిగగానే కుడి మోకాలు మీద చెయ్యి వేసుకున్నావు. లేచాక నాలుగడుగులు ఎడమ కాలి మీద బరువు వేసి నడిచావు. ఫోన్ చేసి అడిగితే "ఏం లేదు మామయ్యా, కొంచెం పట్టేసింది, టేపు వేసుకుంటున్నా" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ముందు చిన్న చిన్న సంగతులు చెప్పేస్తాను. తిండి, నీళ్ళు, నిద్ర, షిన్ గార్డులు, ఇవన్నీ నీకు తెలుసు. డిగ్రీ మానకు, పరీక్షలకి వచ్చి రాసి వెళ్ళు. అక్కడ తెలుగువాళ్ళు దొరికారు కదా అని వాళ్ళతోనే తిరక్కుండా కన్నడం నేర్చుకో, మైదానంలో వెనకనించి ఎవడు ఏమని అరుస్తున్నాడో అర్థం కాకపోతే ఆటే సాగదు.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటపడకు. కాకినాడలో నా పాత స్నేహితుడొకడు రిఫరీగా చేశాడు, వాణ్ణి అడిగి రాస్తున్నాను. మనం సెమీ ప్రొఫెషనల్ అంటాం గానీ ఫిఫా లెక్కలో ఆ మాటే లేదంట. రాతపూర్వకంగా కాంట్రాక్టు ఉండి, ఆడటానికయ్యే ఖర్చుల కంటే ఎక్కువ డబ్బు ఇస్తే నువ్వు ప్రొఫెషనల్, లేకపోతే అమెచ్యూర్, అంతే. కాబట్టి నిన్ను దేని కింద రాశారో సీఆర్ఎస్‌లో, అదే మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ళు ఆటగాళ్ళని ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసే చోట, చూసుకో. వైజాగ్ క్లబ్బు నుంచి నీ ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యిందో లేదో కనుక్కో. ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల దాకా రిజిస్టర్ అవ్వొచ్చు గానీ అఫీషియల్ మ్యాచ్‌లు రెండింటికే ఆడాలి, కాబట్టి ఎవడో బతిమాలాడని ఇంకో ఫారం మీద సంతకం పెట్టకు. ఖాళీ కాగితం మీద అసలే పెట్టకు. కాంట్రాక్టులో జీతం ఎంతో అందరూ చూస్తారు, నువ్వు ఇంకో లైను వెతుకు: దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆడలేని నెలల్లో జీతం ఉందా లేదా. ఆ లైను లేకపోతే అడిగి రాయించుకో. అడిగినందుకు మేనేజరు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

ఇంకొకటి. మ్యాచ్ అయ్యాక రాత్రిపూట వ్యాను ఎక్కకు. ఆలస్యమైతే అక్కడే పడుకుని తెల్లారాక రా. బెంగళూరులో కాలువ గట్లు ఎక్కడున్నాయి మామయ్యా అంటావు, నాకు తెలుసు. కానీ లాకుల దగ్గర పనిచేసినవాణ్ణి నేను. తెల్లవారుజామున తలుపుల దగ్గరికి ఏమేం కొట్టుకొచ్చేవో నేను చూశాను. పెళ్ళి బృందాల కార్లు, ఆట ముగించుకుని వస్తున్న పిల్లల ఆటో. డ్రైవరు ఒక్క కునుకు తీస్తే చాలు. ఊరు ఏదైతేనేం, నిద్ర అందరికీ ఒకేలా వస్తుంది. నా కోసం ఈ ఒక్క మాట విను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న నువ్వు ఫోన్లో అన్నావు, "మామయ్యా, సిఫార్సు ఉన్నవాళ్ళని తీసుకుని నిన్ను వదిలేసిన వాళ్ళందరూ నా పేరు పేపర్లో చదవాలి" అని. ఆ మాట విని నాకు గుండెల్లో రాయి పడ్డట్టయ్యింది. ఎందుకంటే నీకు మీ అమ్మ చెప్పిన ఆ కథ నిజం కాదు. ఆవిడకి చెప్పింది నేనే.

1985 సంక్రాంతి. నాకు ఇరవై రెండేళ్ళు, కాకినాడలో రైట్ వింగ్ ఆడుతున్నాను. ఆ నెల 23న సికింద్రాబాద్‌లో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ టీమ్‌కి సెలక్షన్లు. తీసుకుంటే ఆటతో పాటు గవర్నమెంటు ఉద్యోగం. మీ తాతయ్యది కౌలు వ్యవసాయం, నా బూట్లకి అడుగు ఊడిపోతే సైకిల్ షాపులో సొల్యూషన్ పెట్టి అంటించుకుని ఆడేవాణ్ణి. మీ అమ్మకి అప్పుడు పదమూడేళ్ళు. ఓణీల పండక్కి తాతయ్య చేయించిన బంగారు బుట్టలు తీసి, కాగితంలో పొట్లం కట్టి నా చొక్కా జేబులో పెట్టింది. "తాకట్టు పెట్టి బూట్లు కొనుక్కో అన్నయ్యా, ఉద్యోగం వచ్చాక విడిపిద్దువు గానీ" అంది. కొత్త బూట్లు, రైలు చార్జీ ఆ బుట్టల మీదే వచ్చాయి.

డిసెంబరు ఆఖర్లో ఒక లీగ్ మ్యాచ్‌లో నా కుడి మోకాలు మెలిక పడింది. రాత్రికి కొబ్బరి బోండంలా వాచింది. మా అమ్మ ఆముదం రాసి, జిల్లేడాకు వెచ్చచేసి కట్టింది. పది రోజులకి వాపు తీసింది. కాలువ గట్టు మీద పరిగెత్తి చూసుకున్నాను, నొప్పి లేదు. అక్కడే మోసపోయాను పండూ. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు దెబ్బతిన్నా తిన్నగా పరిగెత్తడానికి అడ్డం రాదు. కాలు నేలకి ఆనించి ఒళ్ళు పక్కకి తిప్పినప్పుడే తెలుస్తుంది. గట్టు మీద పక్కకి తిరిగే పనేముంది?

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కదా. అంబాజీపేట పక్క ఊళ్ళో పండక్కి సెవెన్స్ టోర్నమెంటు పెట్టి, తీర్థానికి వచ్చే జనం కూడా చూస్తారని ఆ రోజు పొద్దున్నే ఫైనల్ పెట్టారు. ఒకాయన సైకిలేసుకుని ఇంటికి వచ్చాడు. మూడు వందలు ఇస్తాం, ఏడుగురి ఆట, ఎంతసేపని అన్నాడు. మోకాలు బాగాలేదన్నాను. డాక్టరు ఉన్నాడులే అన్నాడు. మూడు వందలొస్తే బుట్టల మీద వడ్డీ కట్టొచ్చు అనుకున్నాను, అది నిజమే. కానీ అంతకంటే పెద్ద నిజం, నేను రానంటే నా పేరు పోతుందనుకున్నాను. మా డ్రిల్లు మాస్టారు మాకు ఎప్పుడూ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి చెప్పేవారు. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్, తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని వెనకనించి తీసుకొచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, అందులో ఒక గోలు అతనిదే. ఆ కుట్ల తల నా బుర్రలో అలాగే ఉండిపోయింది. వాడు తల పగిలినా ఆడాడు, నేను మోకాలికి భయపడతానా అనుకున్నాను. తల మీద చర్మం కుట్టు వేస్తే అతుక్కుంటుందనీ, తెగిన ఏసీఎల్ దానంతటది అతుక్కుంటుందని నమ్ముకోకూడదనీ నాకు చెప్పినవాళ్ళు లేరు.

కోసిన వరిచేను అది. కొయ్యకాళ్ళు చెక్కేసి, సున్నంతో గీతలు గీసి, పోక చెట్ల మొదళ్ళతో గోలుపోస్టులు పాతారు. గట్టు మీద నిక్కరు పైకి లాక్కుని సూది వేయించుకున్నాను. వేసినాయన్ని గానీ పిలిచినాయన్ని గానీ ఒక్క మాట అనను, నిక్కరు లాక్కున్నది నా చెయ్యే. పావుగంటలో మోకాలు ఉందో లేదో తెలియనట్టయిపోయింది. రెండు గోల్స్ కొట్టించాను కూడా. సెకండ్ హాఫ్‌లో కార్నర్ దగ్గర బంతి ఆపి లోపలికి తిరగబోయాను. అక్కడ నేల నెర్రె విచ్చి ఉంది. కొత్త బూటు స్టడ్డు ఆ నెర్రెలో దిగింది. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. లోపల టప్‌మని శబ్దం. పక్కనున్న డిఫెండరుకి కూడా వినిపించింది, వాడు చేతులు పైకెత్తి "నేను తగల్లేదు, నేను తగల్లేదు" అని అరిచాడు. నిజమే, ఎవరూ తగల్లేదు.

అయినా బుద్ధి రాలేదు. ఎనిమిది రోజులకి గుడ్డ బిగించి కట్టుకుని సికింద్రాబాద్ వెళ్ళాను. బుట్టలు తాకట్టు పెట్టి వెళ్ళకుండా ఎలా ఉంటాను? తిన్నగా పరిగెత్తించినప్పుడు ముందు వరసలోనే ఉన్నాను. బంతి ఇచ్చి కోన్‌ల మధ్య తిరగమన్నారు. రెండో కోన్ దగ్గర మోకాలు తలుపు గడి ఊడినట్టు జారింది, కింద పడ్డాను. అక్కడి కోచ్ పెద్దాయన, వచ్చి పక్కన కూర్చుని మోకాలు ఇటూ అటూ కదిపి చూసి, "ఎప్పుడు తగిలింది బాబూ?" అని అడిగాడు. ఇప్పుడే సార్ అన్నాను. ఆయన నా మొహంకేసి చూశాడు. "నయం చేయించుకుని వచ్చే ఏడాది రా" అన్నాడు. అంత మంచిగా మాట్లాడిన మనిషిని పట్టుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికొచ్చి, సిఫార్సులున్న వాళ్ళకే ఇచ్చారని చెప్పాను. మీ అమ్మ నా కంటే ఎక్కువ ఏడ్చింది. నలభై ఏళ్ళుగా ఆ ముక్కూ మొహం తెలియని మనుషుల్ని తిడుతూనే ఉంది. వచ్చే ఏడాది అనేది రాలేదు. ఆపరేషన్‌కి డబ్బుల్లేవు. బుట్టలు కొట్టులోనే పోయాయి.

అందుకనిరా, నీ టేపు సంగతి వింటే నాకు వణుకు. నొప్పి ఉంటే దానికేదో కారణం ఉంటుంది, దాన్ని సూదితో నొక్కేసి ఆడితే లోపల ఏం తెగుతున్నా నీకు తెలియదు. టప్‌మన్నా, కొన్ని గంటల్లోనే వాచినా, తిరిగేటప్పుడు మోకాలు జారినట్టనిపించినా ఆ క్షణంలో కూర్చో. కోచ్ మొహం చూడకు, జనాన్ని చూడకు. "ఈరోజు నేను ఆడను సార్" అని నోరు విప్పి చెప్పు. నాకు నోరు రాలేదు, నీకు రావాలి. చెప్పాక బెంచి మీద కూర్చోబెడతారు, ఒక్కోసారి క్లబ్బే మార్చాల్సి వస్తుంది, తెలుసు. అయినా చెప్పు. ఖర్మకాలి ఆపరేషనే పడితే కనీసం తొమ్మిది నెలలు మ్యాచ్ అనే మాట తలుచుకోకు, ఆరో నెలకే బాగుందనిపిస్తుంది, అప్పుడే ఎక్కువ జాగ్రత్త. ఫిఫా వాళ్ళు 11 ప్లస్ అని ఒక వార్మప్ తయారు చేశారు, ఇరవై నిమిషాల పని, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా అలవాటు చేస్తుంది. టీమ్‌లో ఎవరూ చెయ్యకపోతే నువ్వొక్కడివే ఒక పక్కన చేసుకో. పండక్కి వచ్చినప్పుడు ఇక్కడ సెవెన్స్ ఆడమని ఎవరైనా వస్తే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను.

గట్టిగా అరిచినట్టు రాశానేమో. నిన్ను నాలుగేళ్ళప్పుడు భుజాన ఎక్కించుకుని ఈ లాకుల మెట్లు దిగుతుంటే మోకాలు జారి ఇద్దరం పడబోయాం, నీకు గుర్తుండదు. ఆ రోజు నుంచి నిన్ను ఎత్తుకోలేదు. నేనెత్తుకోవడం లేదని మీ అత్తయ్యతో చెప్పుకుని అలిగావు.

గురువారం పొద్దున్న తొమ్మిదికి రావులపాలెం సెంటర్‌కి రా. నేను అక్కడే ఉంటాను. ఇద్దరం రాజమండ్రి వెళ్ళి ఎముకల డాక్టరుకి మోకాలు చూపిద్దాం, స్కాన్ తియ్యమంటే తీయిద్దాం, డబ్బులు నా దగ్గరున్నాయి, నువ్వు మాట్లాడకు. రిపోర్టు బాగుంటే శుక్రవారం బండెక్కుదువు. బాగోకపోతే క్లబ్బుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్దాం, నేను పక్కనే కూర్చుంటాను.

స్టేషన్‌కి మీ అమ్మతో పాటు నేనూ వస్తాను. ఈ ఉత్తరం ఆవిడకి చూపించకు. బండి కదిలాక, అక్కడే ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చోబెట్టి, బుట్టల సంగతి నేనే చెప్తాను.

మీ మామయ్య