మూసీ నీళ్లు కొలవబోతున్న మేనకోడలికి

బిడ్డా,

మూసీ మీద, పానగల్లు ఉదయసముద్రం చెరువు మీద పదేండ్లు నీళ్ల లెక్క రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఏరది. 20 చోట్ల కొలుస్తానన్నావట, ఎందుకమ్మా? నాలుగు చోట్లు పట్టుకో, పదేండ్లు వదలకు.

ఫాస్ఫేటు కొలిచే నీళ్లు పట్టే సీసాలు సబ్బుపొడితో కడగొద్దు, పలుచని యాసిడ్‌తో కడుగు. పీహెచ్ మీటరును వెళ్లిన ప్రతిసారీ పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకో.

ఇక అసలు సంగతి. ఈ పనిలో ఎప్పటినుంచో ఉన్న తప్పు, బస్సు దిగిన వేళకు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడం. ఒక నెల పొద్దున, ఇంకో నెల మధ్యాహ్నం. మురుగు తిని నాచు పెరిగిన నిలువ నీళ్లలో మధ్యాహ్నం 3 గంటలకు లీటరుకు 12 మిల్లీగ్రాములు కూడా చూపొచ్చు. 30 డిగ్రీల నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది సుమారు 7.5 మాత్రమే. మిగతాదంతా ఎండకు నాచు వదిలింది. రాత్రి అదే నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా కలిసి పీల్చేస్తే తెల్లారేసరికి 2కు పడిపోతుంది. చేపలు నోళ్లు పైకెత్తి గుటకలేసేది అప్పుడే. మధ్యాహ్నం కొలిచినవాళ్లు చెరువు బాగుందని రాసిపోతారు. మొదటి మూడేండ్లు పొద్దున, తర్వాత మధ్యాహ్నం కొలిస్తే, ఏరు బాగుపడిందని గ్రాఫు అబద్ధం చెబుతుంది. ఆ లెక్కను తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

అందుకే సూర్యోదయానికి ముందు ఒకే వేళ పెట్టుకో, గంట, నిమిషం రాయి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఒక్కోసారి 24 గంటలూ, మూడు గంటలకోసారి కొలువు. ఆక్సిజన్ మీటరును, రసాయనాలు కలిపి ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతితో పోల్చుకో. 300 మి.లీ. సీసాను గొట్టంతో అడుగు నుంచి నింపి పొర్లనివ్వు, ఒక్క బుడగా మిగలకూడదు. మాంగనీస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ., పిపెట్ మొన నీళ్లలో ముంచి వదులు. మూత పెట్టి తలకిందులు చెయ్యి. గోధుమరంగు తెట్టె దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు.

ఉదయసముద్రానికి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు వస్తాయి. నీళ్లు వదిలిన తేదీలు రాసుకోకపోతే, ఉప్పుశాతం తగ్గడం చూసి కాలుష్యం తగ్గిందనుకుంటావు. మీటరు మారిస్తే ఏడాదిపాటు పాతదీ కొత్తదీ పక్కపక్కన కొలువు.

తెల్లారుజామున అన్నానని చీకట్లో ఒక్కదానివే దిగకు. మూసీలో ఇసుక తోడిన గుంతలు పైకి కనపడవు, మోకాటి లోతు అనుకున్న చోట మనిషి మునుగుతాడు. చేపలు పట్టే ముదిరాజు అన్నను ఎవరినైనా వెంట తీసుకుపో. కాళ్ల మీద పుండుంటే ఆ నీళ్లు తాకనివ్వకు. లైఫ్ జాకెట్ కొని పంపుతున్నా, బరువని పక్కన పెట్టకు.

మీ మేనమామ