పన్నెండు గంటల షిఫ్టులో ఎనిమిది గంటల నియమావళి

ప్రశ్న: జమ్మికుంట దగ్గర మాకు జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు తీసే) మిల్లు ఉంది. మా దూది కొనే స్పిన్నింగ్ కంపెనీ, కార్మిక ప్రమాణాలపై ప్రవర్తనా నియమావళి కావాలంటోంది. వేరే కంపెనీది తెచ్చి పేరు మార్చి ఇస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. అందులో రోజుకు 8 గంటలని ఉంటుంది. సీజన్లో మీ దగ్గర 12 గంటల షిఫ్టులు రెండు నడుస్తుంటే, ఆడిట్‌కు వచ్చినవాళ్లు హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు పక్కపక్కన పెట్టగానే దొరికిపోతారు. రోజుకూలి 520 రూపాయలనుకోండి, గంటకు 65. ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు, 130. విరామం సంగతి పక్కన పెడితే, మిగతా 4 గంటలకు ఇంకో 520 పడుతుంది. పైగా ఓవర్‌టైమ్‌కూ హద్దు ఉంది, సీజనంతా రోజూ చేయించడం కుదరదు. మూడు షిఫ్టులు పెట్టుకోవడమే మేలు. ముందు అది తేల్చుకుని, తర్వాత కలం పట్టండి.

రాసేది రెండు పేజీలు చాలు. 18 నిండనివారిని జిన్నింగ్ హాల్లోకి రానివ్వం, జీతం వచ్చే నెల 7లోపు ఇస్తాం... ఇలా. ప్రతి నియమం పక్కన దాన్ని చూసుకునే మనిషి పేరు, ఎక్కే రిజిస్టరు పేరు ఉండాలి.

అసలు చిక్కంతా మేస్త్రీ దగ్గర. బీహార్, ఒడిశాల నుంచి మనుషుల్ని తెచ్చేదీ, అడ్వాన్సు ఇచ్చేదీ, కూలి పంచేదీ అతనే అయితే మీ నియమావళి గేటు దగ్గరే ఆగిపోతుంది. అడ్వాన్సు తీరేదాకా ఊరికి పోనివ్వకపోతే అది 1976 చట్టం కింద వెట్టిచాకిరీ. అతను కూలి ఎగ్గొడితే కట్టాల్సింది మీరు. అందుకే కూలి నేరుగా కార్మికుల ఖాతాల్లో వేయండి. మేస్త్రీ కమీషన్ విడిగా మీరే ఇవ్వండి. వాళ్ల ఆధార్ కార్డులు అతని దగ్గర ఉండకూడదు.

రోలర్లో పత్తి ఇరుక్కుంటే మిషను ఆపకుండానే చెయ్యి పెడతారు. బేళ్ల లెక్కన కూలి ఇచ్చేచోట మిషను ఆపితే కూలి పోతుంది మరి. ‘జాగ్రత్త’ అని బోర్డు రాస్తే ఆగరు. ఆపిన సేపటికీ కూలి ఉంటుందని రాయండి, ఇవ్వండి. నియమావళిని తెలుగు, హిందీ, ఒడియాల్లో అంటించి, షిఫ్టు మారేటప్పుడు చదివి వినిపించండి.

ప్రశ్న: పెద్దపల్లిలో మా రైస్‌మిల్లులో ఫిర్యాదుల పెట్టె పెట్టి ఏడాదైంది. ఒక్క చీటీ పడలేదు. ఇబ్బందులేవీ లేనట్టేనా?

జవాబు: పెట్టె ఆఫీసు గుమ్మం దగ్గర సీసీ కెమెరా కింద ఉండి, తాళంచెవి మేనేజర్ జేబులో ఉంటే చీటీ ఎవరు వేస్తారు? నీళ్ల ట్యాంకు వైపు మార్చండి. తాళంచెవి కార్మికుల ప్రతినిధికీ ఒకటి ఇవ్వండి. రాయడం రానివారికి ఫోన్ నంబరు పెట్టండి. లైంగిక వేధింపుల సంగతి వేరు. 10 మంది, ఆపైన పనిచేసేచోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి వ్యక్తి ఒకరుండాలి. ఫిర్యాదుకు గడువు 3 నెలలు. ఆ గడువు, సభ్యుల పేర్లు ఆడవాళ్ల విశ్రాంతి గదిలో అంటించండి.