యాక్సిడెంట్ తర్వాత తమ్ముడు రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, కేకపెట్టి లేచాక పిలిచినా పలకట్లేదు. నిద్రమాత్రలు ఇప్పించాలా?

ప్రమాదం జరిగి ఏడాదైనా తెల్లవారుజాము దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటాడని, కునుకు పట్టగానే ఉలిక్కిపడి లేచి గోడవంక చూస్తూ ఉండిపోతాడని రాశారు. చదువుతుంటే మా ఇంట్లో రాత్రులే గుర్తొచ్చాయి. నేను డాక్టర్ని కాను, నాకు జరిగింది చెప్తాను.

హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే సూర్యాపేట దాటాక మా బస్సు ఆగి ఉన్న లారీని గుద్దింది. రాత్రి రెండున్నర. పై బెర్తులో నిద్రలో ఉన్నాను. చెయ్యి విరిగింది, మూడు నెలల్లో అతుక్కుంది. నిద్ర మాత్రం అతుక్కోలేదు. నా ఒంటికి తెలిసిన లెక్క ఒకటే: నిద్రపోయాను, బస్సు గుద్దింది. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్రంటే భయపడటం వేరండి. వేడిపాలు తాగి తొమ్మిదింటికే లైటు ఆర్పేయమన్న సలహా నాకు ఎదురు తిరిగింది. చీకట్లో కళ్లు మూసుకుంటే డీజిల్ వాసన వచ్చేది.

లేచాక ఇంకో అవస్థ. చేతులు నావి కావనిపించేది. ఫ్యాను దగ్గర నుంచి ఎవరో చూస్తున్నట్టు నన్ను నేనే చూసుకునేదాన్ని. అమ్మ మాట బావిలోంచి వచ్చినట్టుండేది. దీన్ని డిసోసియేషన్ అంటారని తర్వాత తెలిసింది. అప్పటికి గాలి సోకిందని అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నేనేమీ అనలేదు, నా దగ్గరా అంతకన్నా మంచి కారణం లేదు మరి. నిద్ర తక్కువైన మర్నాడు పగలు కూడా ఆ తేలిపోయినట్టుండటం ఎక్కువయ్యేది.

ఇక మాత్రలు. వీధి చివర డాక్టరు రాసిన అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర నాలుగు నెలలు వేసుకున్నాను. పడుకోగలిగాను గానీ కలలు ఆగలేదు, పొద్దున్నే దూదిలో నడుస్తున్నట్టుండేది. మనసుకి ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లకి ఆ జాతి మందులు వీలైనంత వరకు ఇవ్వకూడదని తర్వాత సైకియాట్రిస్టు చెప్పింది. మీ తమ్ముడు ఇప్పటికే వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి. పీడకలలకి ప్రజోసిన్ అనే బీపీ మందు కొందరికి ఇస్తారు. నాకు మంచం దిగగానే కళ్లు తిరిగాయని ఆపేశారు. 2018లో అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద పరీక్షలో అది మందులేని మాత్ర కంటే మెరుగని తేలలేదు, అయినా కొందరికి పనిచేస్తుందని డాక్టర్లు రాస్తూనే ఉన్నారు.

నాకు పనికొచ్చింది కలని తిరగరాయడం. ఇమేజరీ రిహర్సల్ అంటారు. పగటిపూట కలని కాగితం మీద రాసి, మనకి నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కలని రోజూ పది ఇరవై నిమిషాలు కళ్ల ముందు నడిపించుకోవాలి. సైకియాట్రిస్టు మొదట బస్సు కలని ముట్టుకోనివ్వలేదు. పరీక్షకి ఆలస్యమయ్యే చిన్న కలతో మొదలుపెట్టించింది. నెల తర్వాత బస్సు దాకా వచ్చాం. నా కొత్త కలలో బస్సు సూర్యాపేటలో ఆగుతుంది, డ్రైవరు మొహం కడుక్కుంటాడు, నేనే ఆయనకి టీ ఇప్పిస్తాను. చెప్పాలంటే నవ్వొస్తుంది. కానీ రోజూ వచ్చే కల రెండు నెలలకి వారానికోసారికి దిగింది. మీ తమ్ముడిలా పిలిచినా పలకని స్థితి ఉన్నప్పుడు దీన్ని యూట్యూబ్ చూసి ఇంట్లో చేయించకండి, తెలిసినవాళ్ల ఎదుటే చేయాలి. ఎవరిని కలవాలో తోచకపోతే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416కి ఏ వేళైనా చేయండి, తెలుగులో మాట్లాడతారు.

రాత్రి లేచినప్పుడు భుజం పట్టి ఊపకండి. అమ్మ ఒకసారి ఊపితే ఆమెని తోసేశాను, పాపం తలుపుకి కొట్టుకుంది. గుమ్మం దగ్గరే నిలబడి పేరు పెట్టి పిలవండి. "మనింట్లోనే ఉన్నావురా, ఇవాళ మంగళవారం, నాన్న పక్క గదిలో ఉన్నాడు" అనండి. పలికాక చల్లటి నీళ్ల గ్లాసు చేతికివ్వండి, పాదాలు నేలకి ఆనించమనండి. బెడ్‌లైటు రాత్రంతా వెలగనివ్వండి.

ఇంకోటి, పగలు ఇంట్లో మనుషుల అలికిడి ఉన్నప్పుడు అతనికి నిద్ర బాగా పడుతోందా? నాకు వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంటేనే పట్టేది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు అది గమనించి పెట్టుకోండి, నన్ను ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.