పీడనం తగ్గితే వచ్చేది ‘ఒత్తిడి జబ్బు’ ఎలా అవుతుంది?

సందేహం: ఒక అనువాద వ్యాసంలో ‘డైవర్ ఒత్తిడి జబ్బుతో ఆసుపత్రిలో చేరాడు’ అని చదివి, పని టెన్షన్ అనుకున్నాను. తీరా చూస్తే అది డికంప్రెషన్ సిక్‌నెస్. అందులోనే ఆ జబ్బుకున్న మరో పేరు ‘బెండ్స్’ను ‘వంపులు’ అన్నారు. ఇవి సరైనవేనా?

సమాధానం: రెండూ సరికావు. ‘ఒత్తు’ నుంచి వచ్చిన ‘ఒత్తిడి’ని ఇవాళ ఎక్కువగా మనసుకే వాడుతున్నాం, కాబట్టి మీరు పొరబడడం సహజం. అసలు చిక్కు అది కాదు. ఈ జబ్బు ఒత్తిడి వల్ల రాదు, అది ఉన్నట్టుండి తగ్గడం వల్ల వస్తుంది.

సముద్రంలో 10 మీటర్లు దిగితే ఒంటిమీద పీడనం రెట్టింపవుతుంది. అక్కడ సిలిండర్ గాలి పీలుస్తున్నంతసేపూ అందులోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్ల చుట్టూ కరుగుతూ పోతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో బయటికి పోతుంది. గబగబా వచ్చేస్తే, సోడా మూత తీసినట్టు, ఒంట్లోనే బుడగలు కడుతుంది. చికిత్సేమో, రోగికి ఆక్సిజన్ ఇస్తూ ప్రత్యేకమైన గదిలో మళ్లీ పీడనం పెంచడం! దీన్ని ‘ఒత్తిడి జబ్బు’ అంటే ఆ వైద్యం ఎవరికి అర్థమవుతుంది?

బాధను చెప్పడానికి మాత్రం మన దగ్గర మంచి మాటలున్నాయి. పొడిచినట్టు వచ్చేది ‘పోటు’. ఇది సాధారణంగా అలా ఉండదు. భుజంలోనో మోచేతిలోనో, ఇక్కడ అని వేలు పెట్టి చూపలేనంత లోతున మొదలై, పోనుపోను పెరుగుతుంది. ‘తీపు’, ‘సలుపు’ దీనికి దగ్గరి మాటలు. కొందరికి చర్మం దురద పెడుతుంది, విపరీతమైన నీరసం వస్తుంది. కండరం పట్టేసిందనుకుని ఊరుకునేవాళ్లూ ఉంటారు, అది ప్రమాదం. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మొద్దుబారతాయి, పట్టు తప్పుతాయి. తిమ్మిరి, మొద్దుబారడం ఒకటేనన్నట్టు రాస్తుంటారు. తిమ్మిరిలో జివజివ తెలుస్తుంది, మొద్దుబారితే తాకినా తెలియదు. రోగి చెప్పే మాటలో ఈ తేడా పోకూడదు.

ఇక ‘బెండ్స్’. 1870 ప్రాంతంలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఈడ్స్ వంతెన కడుతున్నప్పుడు, నది అడుగున, నీరు చొరబడకుండా ఎక్కువ పీడనంతో గాలి నింపిన కైసన్ అనే గదుల్లో పనిచేసి పైకి వచ్చినవాళ్లు నొప్పితో వంగి నడిచేవారు. అప్పటి స్త్రీల ఫ్యాషన్‌లో ‘గ్రీషియన్ బెండ్’ అనే వంగిన భంగిమ ఉండేది. దాంతో పోల్చి తోటివాళ్లు పెట్టిన పేరే జబ్బుకు నిలిచింది. బ్రూక్లిన్ వంతెన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్‌ను 1872లో మంచాన పడేసిందీ ఇదే. ఇంత కథ ‘వంపులు’లో లేదు. ‘బెండ్స్’ అనే ఉంచండి.

పేరు సంగతికొస్తే, ‘పీడన క్షయం’ అనకండి, క్షయ అనగానే టీబీ గుర్తొస్తుంది. ‘సడలింపు’ అంటే కర్ఫ్యూ సడలించినట్టు హాయిగా వినిపిస్తుంది. నా మట్టుకు ‘డికంప్రెషన్ సిక్‌నెస్’ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ‘పీడనం ఉన్నట్టుండి తగ్గడం వల్ల వచ్చే జబ్బు’ అని చేరుస్తాను. మీరు చదివిన వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘లోతు నుంచి వేగంగా పైకి రావడంతో డైవర్ డికంప్రెషన్ సిక్‌నెస్‌కు గురై ఆసుపత్రిలో చేరాడు.’